లైసెన్సు తుపాకుల రిజిస్టరుకు నాటు తుపాకీ ఉత్తరం

మహారాజశ్రీ ఆయుధ లైసెన్సుల రిజిస్టరు గారి దివ్యసముఖమునకు, నాటు తుపాకీ నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇచ్చట నేను క్షేమం. 1959 ఆయుధ చట్టం నుంచి 2016 ఆయుధ నిబంధనల దాకా మీరు ఎన్ని గడులు పెంచుకున్నా, నన్ను ఒక్కదానిలోనూ ఎక్కించలేదు. ఆ చలవ మరువలేనిది.

మీలో చోటు దొరకడం మాటలా! లైసెన్సు దరఖాస్తు ఎ-1 ఫారం నింపాలి. డాక్టరు సర్టిఫికెట్టు, శిక్షణ కాగితం జతచేయాలి. స్టేషన్ నుంచి విచారణ రిపోర్టు వెళ్లాలి. అప్పుడు జిల్లాలోనైతే కలెక్టరు, హైదరాబాద్‌లోనైతే పోలీసు కమిషనరు సంతకం. ఇంత ఓపిక ఉన్నవాడు దారిదోపిడీకి దిగుతాడా? పట్టుబడే తుపాకుల్లో లైసెన్సు లేనివే అత్యధికమని జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్కలు చెబుతుంటే, దొంగ తుపాకుల తయారీకి పేరుపడ్డ బీహార్ ముంగేర్‌లోని మా చుట్టాలు మీసం మెలేస్తుంటారు.

హత్య జరిగితే మీరు హంతకుణ్ణి పట్టిస్తారని కొందరి నమ్మకం. తూటా మీద యజమాని పేరుండదు కదండీ. పిస్టల్ గొట్టంలోని మెలికల గాడులు తూటా మీద గీతలు వేస్తాయి, నిజమే. వాటిని ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబు) వాళ్లు కంపారిజన్ మైక్రోస్కోపు కింద పోల్చాలంటే ముందు ఆ తుపాకీ చేతికి రావాలి. మీ దగ్గరున్నది నంబరు, గీతలు కావు. 12 బోరు డబుల్ బ్యారెల్ (జంట గొట్టాల) తుపాకీ సంగతి ఇంకా అన్యాయం: గొట్టం నున్నన, సీసపు గుండ్ల మీద ఆ గీతలే పడవు. ఖాళీ తూటా అడుగున ఫైరింగ్ పిన్ (తూటాను పేల్చే సూది) గుర్తు దొరికితే అదృష్టం. తుపాకీ దొరికి, దానిమీద నంబరుంటే అప్పుడు మీ పేజీ తిప్పుతారు. నంబరు అరగదీసినా యాసిడ్‌తో మళ్లీ తేల్చే విద్య ఉంది, అచ్చు కొట్టినప్పుడు అడుగు లోహం కూడా నలుగుతుంది గనక. నాకసలు నంబరే లేదు. ఏం తేలుస్తారు?

అలాగని మిమ్మల్ని దండగ అనను. ఎన్నికల కోడ్ వచ్చాక చూడాలి మీ ప్రతాపం. జాబితా తీసి, స్క్రీనింగ్ కమిటీ తేల్చినవాళ్ల తుపాకులన్నీ డిపాజిట్ చేయిస్తారు, ఫలితాలొచ్చిన వారానికి గానీ తిరిగివ్వరు. మీరు లేకుంటే ఎవరి తలుపు తట్టాలో ఎస్సై గారికి తెలిసేదే కాదు. (సీమలో నాటు బాంబులకు ఎవరూ రసీదు రాయలేదు, అది వేరే సంగతి.)

నాకు నిజంగా భయం పుట్టించేది మీ ఆయుధ చట్టం 17వ సెక్షన్. శాంతిభద్రతలకు ముప్పనుకుంటే లైసెన్సు సస్పెండ్ చేయొచ్చు, రద్దూ చేయొచ్చు. మొగుడు చంపుతానంటున్నాడని ఓ ఇల్లాలు స్టేషన్‌కొచ్చిన రోజే ఆ ఇంట్లో రివాల్వరుందని తెలియడం, పోలీసులకు మీవల్ల అసలు లాభం అది. దొంగను పట్టడంకన్నా చాలా పెద్దది. కానీ ఫిర్యాదు రాసుకునే చేతికి మీ పేజీ తిప్పాలని తోచాలి, రిపోర్టు పైకి వెళ్లాలి, నోటీసు కిందికి రావాలి. అందాకా తుపాకీ బీరువాలోనే.

మీలో రాసిందంతా నిజమేనా అన్నది ఇంకో తలనొప్పి. ప్రతి లైసెన్సుకూ యూఐఎన్ అనే గుర్తింపు సంఖ్య ఇచ్చి జాతీయ డేటాబేస్‌లోకి ఎక్కించారు, బాగుంది. పాత పుస్తకంలో తప్పుంటే కంప్యూటర్లోనూ అదే తప్పు. యజమాని పోయి పదేళ్లయినా కాగితం మీద బతికే ఉంటాడు. జమ్మూ కశ్మీర్‌లో 2012-16 మధ్య 2.78 లక్షలకు పైగా లైసెన్సులు అర్హత లేనివాళ్లకు అమ్ముకున్నారన్నది సీబీఐ అభియోగం. అవన్నీ నంబరున్నవే, సంతకమున్నవే! 2019లో మనిషికి మూడు తుపాకులన్నదాన్ని రెండుకు కుదించారు. మూడోది తెచ్చిచ్చినవాళ్లెవరంటే, మొదటి రెండూ మీలో రాయించుకున్నవాళ్లే.

ఇట్లు,
మీ పేజీల్లో లేని
నాటు తుపాకీ

తా.క.: నాటు తుపాకులు స్వచ్ఛందంగా అప్పగించమని ఏజెన్సీలో పోలీసులు చెప్పి వెళ్లారు. అడవి పందులు మొక్కజొన్నలో పడుతున్నాయి, కోతలయ్యాక చూద్దామంటున్నాడు మావాడు.