ముక్కలుగా చదివితే బైబిల్ మన మాటే చెబుతుంది

'నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు.' ఈ వచనం తెలియని క్రైస్తవులు తక్కువ. క్యాలెండర్ల మీద, ఫోన్ స్టేటస్‌ల్లో, కొత్తగా వ్యాపారం పెట్టినవాళ్లకు పంపే శుభాకాంక్షల్లో కనిపిస్తూనే ఉంటుంది. యోబు గ్రంథం 8వ అధ్యాయం, 7వ వచనం. దేవుడే స్వయంగా వెన్ను తట్టి చెప్పినట్టు ఉంటుంది. కానీ ఈ మాట అన్నది దేవుడు కాదు, బిల్దదు. యోబును ఓదారుస్తామని వచ్చి మాటలతో పొడిచిన ముగ్గురు స్నేహితుల్లో ఒకడు.

అక్కడి నుంచి మూడు వచనాలు పైకి వెళ్లి చూడండి. నీ పిల్లలు పాపం చేసి ఉంటారు, అందుకే దేవుడు వాళ్లను దానికి అప్పగించాడు అంటున్నాడు బిల్దదు. ఎవరితో? ఒకే రోజు పదిమంది బిడ్డలను పోగొట్టుకున్న తండ్రితో! ఆ వెంటనే, నువ్వు పవిత్రుడివే అయితే దేవుడు నీకోసం లేస్తాడు అని ఒక షరతు. ఆ షరతుకు తోకలా వస్తుంది మనం ఫ్రేమ్ కట్టించుకున్న వాగ్దానం. గ్రంథం చివర 42వ అధ్యాయంలో దేవుడు ఆ ముగ్గురిలో మరొకడైన ఎలీఫజుతో, నీ మీదా నీ ఇద్దరు స్నేహితుల మీదా నా కోపం మండుతోంది, మీరు నా గురించి సరిగ్గా మాట్లాడలేదు అంటాడు. చివరికి యోబుకు రెండింతలు వచ్చింది కదా అని ఎవరైనా అడగొచ్చు. వచ్చింది. కానీ బిల్దదు చెప్పిన లెక్క ప్రకారం కాదు. ఆ లెక్క తప్పని చూపించడానికే అంత పెద్ద గ్రంథం ఉంది.

బైబిల్ చదవాలని ప్రతి సంఘంలోనూ చెబుతారు. చదివితే ధైర్యం వస్తుంది, శాంతి దొరుకుతుంది, దారి తెలుస్తుంది అంటారు. కాదనడానికి లేదు. అయితే అంతకంటే ముఖ్యమైన కారణం ఒకటి ఉందని నా అభిప్రాయం. మనకు నచ్చని మాటను మన ముఖం మీదే చెప్పగలిగేది ఏదో ఒకటి విశ్వాసి జీవితంలో ఉండాలి. స్నేహితులు మొహమాటపడతారు, మనసు సర్దిచెప్పుకుంటుంది. లేఖనం మొహమాటపడదు, కాకపోతే దాన్ని పూర్తిగా మాట్లాడనివ్వాలి. ఏరుకున్న వచనాలకు ఆ బలం ఉండదు, ఎందుకంటే ఏరేది మనమే.

యిర్మీయా 29:11 సంగతీ ఇంతే. మీ గురించి నేను ఉద్దేశించినవి సమాధానకరమైన ఉద్దేశాలే గాని హానికరమైనవి కావు అనే ఆ వచనం ఒక ఉత్తరంలోది. బబులోనుకు చెరగా వెళ్లినవాళ్లకు యిర్మీయా యెరూషలేము నుంచి రాసిన ఉత్తరం అది. దానికి ముందు 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త ఆలయంలో అందరి ముందూ నిలబడి, రెండేళ్లలో అందరూ తిరిగొచ్చేస్తారు అని ప్రకటించాడు. జనానికి కావాల్సిన మాట అదే. ఈ రోజుల్లో అయితే హనన్యా వీడియోకే లైకులు ఎక్కువ వచ్చేవి. యిర్మీయా ఉత్తరంలో ఉన్నది రెండేళ్లు కాదు, డెబ్బై ఏళ్లు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అంటాడు. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది మళ్లీ తమ ఊరు చూడరు. అయినా వాళ్లకు చెప్పిన మాట అది. ఇదంతా తెలిశాక 11వ వచనం విలువ తగ్గిందా? నాకైతే పెరిగిందనిపిస్తుంది. వచ్చే నెలలో పని అయిపోతుందనే హామీగా మాత్రం ఇక దాన్ని వాడుకోలేం.

నిజానికి 'వచనం' అనే కొలతే ఆలస్యంగా వచ్చింది. ఇప్పుడు మనం వాడే అధ్యాయాల విభజన 13వ శతాబ్దం మొదట్లో స్టీఫెన్ లాంగ్టన్ అనే ఇంగ్లండ్ మతగురువు పేరుతో స్థిరపడింది. కొత్త నిబంధనకు ఇప్పుడున్న వచన సంఖ్యలు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు వేసినవి. వెతుక్కోవడానికి అవి చాలా సాయం చేశాయి, అందులో వాదన లేదు. కానీ అంతకుముందు పద్నాలుగు పదిహేను వందల ఏళ్లు క్రైస్తవులు పౌలు ఉత్తరాన్ని ఉత్తరంలాగే విన్నారు. కొలొస్సయులకు రాసిన పత్రికలోనే, ఇది మీ దగ్గర చదివించాక లవొదికయ సంఘంలోనూ చదివించండి అని ఉంది. క్రీ.శ. 150 ప్రాంతంలో జస్టిన్ మార్టిర్ అనే తొలినాళ్ల క్రైస్తవ రచయిత ఆదివారపు ఆరాధనను వర్ణిస్తూ, అపొస్తలుల జ్ఞాపకాలు గాని ప్రవక్తల రచనలు గాని సమయం ఉన్నంతసేపు చదువుతారని రాశాడు. సమయం ఉన్నంతసేపు! ఇప్పుడు చాలాచోట్ల ప్రకటనలకు పట్టే టైమ్‌లో సగం కూడా పాఠానికి పట్టడం లేదు.

ముక్క వచనం ఎంత ప్రమాదమో చెప్పడానికి సువార్తల్లోనే సాక్ష్యం ఉంది. మత్తయి 4వ అధ్యాయంలో అపవాది యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి కిందికి దూకమంటాడు. ఊరికే అనడు, 91వ కీర్తనను ఎత్తి చెబుతాడు. నీ పాదానికి రాయి తగలకుండా దూతలు నిన్ను చేతులతో ఎత్తి పట్టుకుంటారు అని. మాట తప్పేమీ కాదు, కీర్తనలో అలాగే ఉంది. దానికి యేసు ఆ కీర్తన చెల్లదు అనలేదు. 'మరియొకచోట వ్రాయబడియున్నది' అన్నాడు. ఒక వచనానికి మరో వచనం అడ్డుపెట్టి గెలిచాడని దీన్ని చదవొచ్చు, కానీ అంతకంటే లోతైనదే జరిగింది. మూడు శోధనలకూ ఆయన ఇచ్చిన మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండం 6, 8 అధ్యాయాల్లోవి. ఇశ్రాయేలీయులు నలభై ఏళ్లు అరణ్యంలో ఆకలితో, దాహంతో పరీక్షకు నిలిచి తడబడిన కాలాన్ని మోషే గుర్తుచేసే చోటు అది. నలభై రోజులు అరణ్యంలో ఉపవాసం ఉన్న యేసుకు తాను ఏ కథలో నిలబడి ఉన్నాడో తెలుసు. అపవాది దగ్గర వచనం ఉంది, యేసు దగ్గర కథ మొత్తం ఉంది.

కొంత ఉంచి కొంత తీసేస్తే గ్రంథం ఎవరి చేతి కర్ర అవుతుందో చరిత్ర కూడా చూపించింది. 1807లో లండన్‌లో ఒక బైబిల్ అచ్చయింది. బ్రిటిష్ వెస్టిండీస్ దీవుల్లోని ఆఫ్రికా బానిసల కోసం 'ఎంపిక చేసిన భాగాలు' అది. మామూలు బైబిల్‌లో 1189 అధ్యాయాలుంటే అందులో ఉన్నవి 232. యోసేపు బానిసగా ఐగుప్తుకు వెళ్లిన కథ ఉంచారు, ఇశ్రాయేలు ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడిన కథ తీసేశారు. దాసులారా, మీ యజమానులకు లోబడండి అనే ఎఫెసీయుల పత్రిక మాట ఉంచారు. క్రీస్తులో దాసుడని, స్వతంత్రుడని లేదు అనే గలతీయుల మాట తీసేశారు. అందులో అచ్చయిన ప్రతి మాటా బైబిల్‌లోదే. అయినా మొత్తం కలిపితే అబద్ధం.

అది దుర్మార్గం అని మనం సులువుగానే అనగలం. అయితే ఎవరి బైబిల్ వాళ్లు ఒకసారి తెరిచి, గీతలు గీసుకున్న చోట్లు ఏవో, పేజీలు ఇంకా కొత్తగా అతుక్కునే ఉన్న చోట్లు ఏవో చూసుకుంటే బాగుంటుంది. ఆశీర్వాదాల కింద గీతలుంటాయి. కూలివాడి జీతం బిగబట్టిన ధనవంతులను యాకోబు కడిగేసిన 5వ అధ్యాయం కింద ఉండవు. పేదవాళ్లను చెప్పుల జత కోసం అమ్ముతున్నారని ఆమోసు మండిపడే చోటా ఉండవు. కత్తెర మన చేతిలో లేదు కాబట్టి మనం ఏమీ తీసేయలేదని అనుకుంటాం, అంతే.

అధికారం ఉన్నవాడికి ఇలా మొత్తం చదవడం ఇంకా అవసరమని ధర్మశాస్త్రానికి ముందే తెలుసు. ద్వితీయోపదేశకాండం 17వ అధ్యాయం ప్రకారం ఇశ్రాయేలు రాజు సింహాసనం ఎక్కాక ధర్మశాస్త్రానికి ఒక ప్రతి రాసుకోవాలి, బతికినన్నాళ్లూ దాన్ని చదవాలి. ఎందుకో కూడా అక్కడే ఉంది: తన సహోదరుల కంటే తాను గొప్ప అని గర్వపడకుండా ఉండటానికి. తర్వాత ఏమైంది? యోషీయా రాజు పాలన 18వ ఏట దేవాలయం మరమ్మతు చేస్తుంటే ప్రధాన యాజకుడు హిల్కీయాకు ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. ఎక్కడ పోయిందో అక్కడే, దేవుని మందిరంలోనే. బలులు, యాజకులు, మందిరం అన్నీ ఉన్నాయి, పుస్తకం మాత్రం ఎవరికీ గుర్తులేదు. దాన్ని చదివి వినిపించాక రాజు బట్టలు చింపుకున్నాడు.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. చరిత్రలో ఎక్కువమంది క్రైస్తవులకు చదవడమే రాదు, సొంత బైబిల్ ఊసే లేదు. వాళ్లది విశ్వాసం కాదా? కచ్చితంగా విశ్వాసమే. విశ్వాసం వినడం వల్ల కలుగుతుందని పౌలే రాశాడు. ఒంటరిగా గదిలో కూర్చుని మౌనంగా చదవడం ఒక్కటే పద్ధతి కాదు. నెహెమ్యా 8వ అధ్యాయంలో ఎజ్రా అనే శాస్త్రి ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివాడు, లేవీయులు అర్థం చెప్పారు, జనం విని ఏడ్చారు. మరుసటి రోజు పెద్దలు మళ్లీ కూర్చుని చదివితే, తమ తరాలు మర్చిపోయిన పర్ణశాలల పండుగ సంగతి బయటపడింది. కాబట్టి చదవడం రానివాళ్లకు లోటేమీ లేదు. లోటు ఎక్కడంటే, చేతిలో పుస్తకం, దానికి తోడు ఫోన్‌లో పది అనువాదాలు ఉండి కూడా ఆదివారం ప్రసంగంతో సరిపెట్టుకోవడంలో. పౌలంతటివాడు చెప్పింది కూడా నిజమో కాదో అని బెరయ అనే పట్టణం వాళ్లు రోజూ లేఖనాలు వెతికి చూశారు. వాళ్లను అనుమానపు మనుషులని ఎవరూ తిట్టలేదు, ఘనులని మెచ్చుకున్నారు. ప్రసంగీకుడు హనన్యానో యిర్మీయానో కనిపెట్టడానికి సంఘం దగ్గర ఉన్న సాధనం అదొక్కటే.

కష్టకాలంలో ఈ తేడా బాగా తెలుస్తుంది. వాగ్దాన వచనాల మీదే పెరిగిన మనిషికి బిడ్డ చనిపోయినా, జబ్బు తగ్గకపోయినా మొదట వచ్చే టెన్షన్, నా విశ్వాసంలోనే ఏదో లోపం ఉంది అని. 88వ కీర్తన చదివిన మనిషికి ఆ భయం తక్కువ. అది మొదటి నుంచి చివరి దాకా మొరే, చీకటితోనే ముగుస్తుంది. స్తోత్రం కోసం చివర్లో ఒక్క వాక్యం కూడా అతికించలేదు. అలాంటి ప్రార్థననూ దేవుని ప్రజలు పాటల పుస్తకంలో పెట్టుకున్నారు. ఏ వాగ్దాన కార్డు మీదా అది రాదు.

చదివినంత మాత్రాన మనిషి మారిపోతాడని కూడా కాదు. లేఖనాలను పరిశోధిస్తున్నారు గాని నా దగ్గరికి రావడం లేదు అని యేసు అన్నది బాగా చదివినవాళ్లతోనే. 1842లో రాబర్ట్ మర్రే మెక్‌షేన్ అనే స్కాట్లాండ్ పాస్టర్ ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండుసార్లు పూర్తయ్యేలా ఒక పట్టిక తయారుచేశాడు. దాన్ని ఇప్పటికీ వాడుతున్నారు. పట్టిక ఇస్తూనే దాని ప్రమాదాలూ చెప్పాడు: మొక్కుబడిగా చదవడం, చదివామని గర్వపడటం, అజాగ్రత్త, మోయలేని బరువైపోవడం. జనవరిలో ఆదికాండంతో హుషారుగా మొదలుపెట్టి లేవీయకాండంలో చతికిలపడినవాళ్లకు ఇందులో చివరిది బాగా తెలుసు. వాళ్లు సిగ్గుపడాల్సిన పనిలేదు, పట్టిక మార్చుకుంటే చాలు. ఒక చిన్న పత్రికను ఒకే విడతలో, వీలైతే బయటికి వినపడేలా చదవడం మేలు. ఫిలిప్పీయుల పత్రిక 104 వచనాలే, పావుగంట పని.

అంతకంటే చిన్నది కావాలంటే ఫిలేమోను ఉంది. 25 వచనాలు. పౌలు దాన్ని ఒనేసిము అనే దాసుడి యజమాని ఫిలేమోనుకే రాసినా, అతని ఇంట్లో కూడే సంఘాన్ని కూడా పేరుపెట్టి కలిపాడు. అంటే యజమాని ఒక్కడే చదువుకుని మడిచి పెట్టేసే వీలు లేదు, అందరి ముందూ మొదటి నుంచి చివరి దాకా వినాల్సిందే. ఒనేసిమును ఇక దాసుడిగా కాదు, ప్రియ సహోదరుడిగా చేర్చుకో, అతను నీకేమైనా బాకీ ఉంటే నా లెక్కలో రాసుకో అంటాడు పౌలు. ఆ ఇంట్లో ఆ రోజు వినేవాళ్లు ఎవరికి నచ్చిన వచనం వాళ్లు ఏరుకుని ఉంటే, ఫిలేమోను మొదటి ఏడు వచనాల్లోని పొగడ్త దగ్గరే ఆగిపోయేవాడు.