అలెన్ తర్వాత ఆస్టిన్‌లో ఏం జరిగింది?

2023 మే 6, శనివారం. టెక్సస్‌లో, డల్లాస్ దగ్గరున్న అలెన్ ఔట్‌లెట్ మాల్‌లో ఒకడు ఎనిమిది మందిని కాల్చి చంపాడు. పోయినవాళ్లలో మన తెలుగమ్మాయి కూడా ఉంది. డల్లాస్ చుట్టుపక్కల మనలో ఆ మాల్‌కి వెళ్లనివాళ్లు ఎంతమంది? ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే బట్టలు, బూట్లు కొనడానికి తీసుకెళ్లేది అక్కడికే.

సరిగ్గా రెండు రోజులకు, మే 8న, రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో ఒక శాసనసభా కమిటీ సెమీ ఆటోమేటిక్ రైఫిల్ (ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక గుండు పేలే తుపాకి) కొనే వయసును 18 నుంచి 21కి పెంచే బిల్లును 8–5 ఓట్లతో ఆమోదించింది. అంతకు ముందు ఏడాది టెక్సస్‌లోనే యువాల్డీ బడిలో జరిగిన కాల్పుల్లో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఆ బిల్లు కోసం ఎంతో తిరిగారు. అది సభలో ఓటింగ్‌దాకా రానేలేదు. గడువు దాటిపోయింది, అంతే.

ఆ బిల్లు చట్టమై ఉన్నా అలెన్‌లో జరిగింది ఆగేది కాదు. కాల్చినవాడికి 33 ఏళ్లు. కానీ యువాల్డీ సంగతి వేరు. అక్కడి కుర్రాడు 17 ఏళ్లప్పుడు తుపాకి కొనిపెట్టమని కనీసం ఇద్దర్ని అడిగాడు, వాళ్లు కాదన్నారు. 2022 మే 16న వాడికి 18 నిండాయి. మర్నాడే ఒక రైఫిల్, మరో మూడు రోజులకు రెండోది, రెండూ చట్టప్రకారమే కొన్నాడు. 24న బడిలో 19 మంది పిల్లల్ని, ఇద్దరు టీచర్లను చంపేశాడు. చట్టం వాడిని పుట్టినరోజుదాకా ఆపగలిగింది. ఇంకో మూడేళ్లు ఆపమనే కదా ఆ తల్లిదండ్రులు అడిగింది!

"కాలిఫోర్నియాలో అంత గట్టి చట్టాలున్నాయి, అక్కడ జరగట్లేదా?" అని మనవాళ్లే అంటుంటారు. జరుగుతున్నాయి. 2019 జులైలో గిల్‌రాయ్ వెల్లుల్లి ఉత్సవంలో కాల్పులు జరిపినవాడికి 19 ఏళ్లు. ఆ ఏడాది జనవరి నుంచే కాలిఫోర్నియాలో రైఫిల్ కొనాలంటే 21 నిండాలన్న నిబంధన వచ్చింది. వాడు పక్కనున్న నెవాడాలో, కాల్పులకు మూడు వారాల లోపే, తుపాకి కొన్నాడు. తప్పు కాలిఫోర్నియా చట్టానిదా, సరిహద్దు అవతల అలాంటి చట్టం లేకపోవడానిదా?

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇల్లినాయ్‌లోని హైలాండ్ పార్క్. అక్కడ చట్టం ఉంది. తర్వాత అక్కడి పరేడ్‌లో కాల్పులు జరిపిన కుర్రాడు 2019 సెప్టెంబర్‌లో ఇంట్లోవాళ్లందర్నీ చంపేస్తానన్నాడని పోలీసులు వచ్చి పదహారు కత్తులు, ఒక బాకు, ఒక ఖడ్గం పట్టుకెళ్లారు. తుపాకులు దూరంగా ఉంచమని కోర్టును కోరే రెడ్ ఫ్లాగ్ చట్టం అప్పటికే అమల్లో ఉంది. ఎవరూ కోర్టుకు వెళ్లలేదు. పైగా కొన్ని నెలల్లోనే, 21 నిండని ఆ కుర్రాడి తుపాకి కార్డు (ఇల్లినాయ్‌లో తుపాకి ఉంచుకోవడానికి కావాల్సిన అనుమతి) దరఖాస్తు మీద కన్నతండ్రే సంతకం పెట్టాడు. 2022 జులై 4 పరేడ్‌లో వాడి కాల్పులకు ఏడుగురు చనిపోయారు. ఆ సంతకం కేసులో తండ్రి నేరం ఒప్పుకుని జైలుకెళ్లాడు.

ఈ ఉదాహరణలు చూసి చట్టాలు దండగ అనుకోవడం పొరపాటు. 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనం రాష్ట్రాల తుపాకి చట్టాలు ఎంత సడలుగా ఉన్నాయో వంద పాయింట్ల కొలతతో చూసింది. పది పాయింట్లు సడలితే సామూహిక కాల్పులు దాదాపు 11.5 శాతం ఎక్కువగా కనిపించాయి. ఇది పూర్తి రుజువు కాదు, సామూహిక కాల్పులంటే ఏమిటన్న లెక్కలోనే తేడాలున్నాయి. అయినా పట్టించుకోకుండా వదిలేసేంత చిన్న తేడా కాదు.

టెక్సస్ మాత్రం ఎదురు దిక్కుకు నడుస్తోంది. 2021 సెప్టెంబర్ నుంచి చాలామంది పెద్దవాళ్లకు పిస్టల్ పెట్టుకు తిరగడానికి లైసెన్స్ అక్కర్లేదు. 2025లో రెడ్ ఫ్లాగ్ ఆదేశాలు ఇక్కడ చెల్లకుండా ఏకంగా చట్టమే చేశారు. అదే ఫ్లోరిడా చూడండి. పార్క్‌లాండ్ స్కూల్లో 17 మంది పోయిన నెలలోపే, 2018 మార్చిలో, వయసును 21కి పెంచి రెడ్ ఫ్లాగ్ చట్టం తెచ్చింది. సంతకం చేసింది రిపబ్లికన్ గవర్నరే.

ఎన్నికలప్పుడు మన సంఘాలు అభ్యర్థుల్ని పిలిచి శాలువాలు కప్పుతాయి. అప్పుడు మనం హెచ్1బీ గురించి, గ్రీన్‌కార్డుల గురించి అడుగుతాం. రాష్ట్ర శాసనసభ్యుడి చేతిలో అవి లేవు, తుపాకి కొనే వయసు ఉంది. ఈసారి వచ్చే అభ్యర్థిని, ఏ పార్టీ అయినా సరే, మైక్ ముందు అడుగుదాం: 21 ఏళ్ల బిల్లు మళ్లీ వస్తే మీ ఓటు ఎటు?