ముందు సెల్ఫ్ కొట్టండి, సంగతి తర్వాత చూద్దాం

హైదరాబాద్‌కు సముద్రం లేదు. ఇది ప్రకృతి చేసిన అన్యాయమని కొందరు అంటారు గానీ నేను ఒప్పుకోను. ఫైలు ఎక్కడో ఆగి ఉంటుంది, అంతే. సముద్ర మట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున కూర్చున్నాం కాబట్టి సముద్రం సంగతులన్నీ మనకు పైనుంచి శుభ్రంగా కనిపిస్తాయి. ఆ హోదాతోనే, ఏళ్ల తరబడి మూలన పడున్న పడవ డీజిల్ ఇంజిన్‌ను మళ్లీ ఎలా స్టార్ట్ చేయాలో నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నా ప్రతిపాదన చాలా సులువు. ఇంజిన్‌కు పసుపు కుంకుమ పెట్టాలి, దండ వేయాలి, కొబ్బరికాయ కొట్టాలి, ముఖ్య అతిథి చేత సెల్ఫ్ కొట్టించాలి. పడవకు చక్రాలుండవు కాబట్టి నిమ్మకాయలు దేని కింద పెట్టాలో పంతులుగారు చెప్తారు. ఈ నగరంలో ఎన్ని మూతపడ్డవి ఇలా తెరుచుకోలేదు? తెరుచుకున్నాక ఎన్నాళ్లు నడిచాయన్నది వేరే శాఖ పరిధిలోకి వస్తుంది.

ఇంత చక్కటి పద్ధతికి అడ్డుపడుతున్నది ఒకే ఒక వర్గం. మెకానిక్కులు.

మా బావకు శంషాబాద్ అవతల తోట ఉంది, తోటలో కుంట ఉంది. కుంటలో పడవ లేకపోతే వచ్చిన చుట్టాలకు ఏం చూపిస్తాం? అందుకని కోస్తా నుంచి పాత పడవ ఒకటి లారీ మీద తెప్పించాడు. దాని నాలుగు సిలిండర్ల ఇంజిన్ పదేళ్లకు పైగా తిరగలేదని అమ్మినవాళ్లే చెప్పారు, అదేదో దాని బిరుదన్నట్టు. కుంటలో దించాక తెలిసింది, పడవను అడ్డంగా తిప్పితే ముక్కు ఈ గట్టుకు, తోక ఆ గట్టుకు తగులుతుందని. అయినా ఇంజిన్ మాత్రం కావాల్సిందే. ఇంజిన్ ఆడకుండా ప్రారంభోత్సవం ఎలా చేస్తాం?

ముహూర్తం ఉదయం తొమ్మిదీ ఇరవైకి. షామియానా వేశారు. రాణిగంజ్ యంత్రాల బజారు నుంచి వచ్చిన మెకానిక్ ఉస్తాద్ టూల్ బాక్స్ కింద పెట్టి, బావ వేలు సెల్ఫ్ బటన్ వైపు పోవడం చూసి, "సార్, దాని మీద చెయ్యి వేయకండి" అన్నాడు.

"ముహూర్తం దాటిపోతోంది ఉస్తాద్."

"ముహూర్తం ఇంజిన్‌కు తెల్వదు సార్."

చూశారా, ఎంత అహంకారమో. ముందుగా బ్యాటరీ మీద మావాళ్లు గుచ్చిన అగరుబత్తీలు పీకి అవతల పారేశాడు. చార్జింగ్ అవుతున్న బ్యాటరీలోంచి హైడ్రోజన్ వస్తుందట, నిప్పు తగిలితే పేలుతుందట. భక్తి మీద ఇంత దాడి జరుగుతుంటే పంతులుగారు కూడా రెండడుగులు వెనక్కి వేయడం నన్ను బాధించింది. తర్వాత సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాలుగు నాజిళ్లూ విప్పి, ఆ రంధ్రాల్లో ఒక్కోదానిలో కొంచెం ఆయిల్ పోసి, "రేపొస్తా" అని వెళ్లిపోయాడు. షామియానా వాడు మాత్రం రెండో రోజు కిరాయి రాసుకున్నాడు.

మర్నాడు పిస్టన్లను ఆడించే ఇరుసు, అదే క్రాంక్, దాని పుల్లీ నట్టుకు పెద్ద స్పానర్ వేసి, చేత్తో, మెల్లగా తిప్పడం మొదలుపెట్టాడు. పావు చుట్టు తిరిగింది, ఆగింది. బలం పెట్టలేదు. కొంచెం వెనక్కి తెచ్చి మళ్లీ ముందుకు తిప్పాడు. మూడో సిలిండర్ రంధ్రంలోంచి తుప్పు రంగు నీళ్లు బుడుంగున పైకొచ్చి అతని చొక్కా చేతి మీద పడ్డాయి. లారీ మీద వచ్చేటప్పుడు వాన పడి, సైలెన్సర్ గొట్టం గుండా దిగిన నీళ్లట. గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. నాజిళ్లు బిగించి ఉండగా నిన్ననే సెల్ఫ్ కొట్టి ఉంటే, పిస్టన్ ఆ నీళ్లకు గుద్దుకుని, దాన్ని క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగిపోయేదని అతని వాదన. కావచ్చు. కానీ కనెక్టింగ్ రాడ్ బజారులో దొరుకుతుంది. ముహూర్తం దొరుకుతుందా?

నాలుగు సిలిండర్లూ తమ పని పూర్తిగా ఒకసారి చేయాలంటే క్రాంక్ రెండు చుట్లు తిరగాలి. ఆ రెండు చుట్లు చేత్తో సాఫీగా తిరిగేదాకా సెల్ఫ్ మాటే ఎత్తనివ్వలేదు. పెద్ద ఓడల్లో అయితే ఇంకా ఘోరం. స్టార్ట్ చేసేముందు లూబ్ ఆయిల్ పంపు ఆన్ చేసి, సిలిండర్లకుండే ఇండికేటర్ కాక్‌లనే చిన్న రంధ్రాల మూతలు తెరిచి, టర్నింగ్ గేర్ అనే మోటారుతో ఇంజిన్‌ను నిదానంగా తిప్పుతారు. ఆ గేరు విడదీశాక గాలితో ఒకసారి ఊది, ఏ రంధ్రంలోంచైనా నీళ్లో ఆయిలో చిమ్ముతోందేమో చూస్తారు. పదేళ్లు ఆగిన దానికి కాదు, మొన్నమొన్ననే ఆగిన ఇంజిన్‌కు ఈ మర్యాదలన్నీ. ఈ జాప్యం వీళ్ల వంశంలోనే ఉంది లెండి. రుడాల్ఫ్ డీజిల్ మహాశయుడే 1893లో ఆగ్స్‌బర్గ్‌లో మొదటి ఇంజిన్ పరీక్షలు మొదలుపెట్టి, సరిగ్గా నడిచేది చూపించేసరికి 1897 అయింది. నాలుగేళ్లు! అయితే మన ఫ్లైఓవర్ల లెక్కలో అది గడువుకు ముందే పూర్తయినట్టు, కాబట్టి ఆయన్ను ఎక్కువగా అనలేం.

డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ ఇరానీ చాయ్ రంగులో ఉంది. నీళ్లు కలిస్తే అలా అవుతుందట, దాంతో నడిపితే బేరింగులు తినేస్తుందట. మొత్తం వంపేసి, ఫిల్టర్ మార్చి, కొత్త ఆయిల్ పోశాడు. ఇంజిన్ కాసేపు ఆడాక అదీ వంపేసి మళ్లీ పోయాలన్నాడు. బావ ముఖం చూడాల్సింది. పోసింది తీయడానికా పోసేది?

ఇక డీజిల్ ట్యాంకు. ఏళ్ల తరబడి నిలవున్న డీజిల్ కింద నీళ్లు చేరతాయి, ఆ రెండూ కలిసేచోట బ్యాక్టీరియా, ఫంగస్ పెరిగి నల్లటి జిగురు కడుతుంది. ఉస్తాద్ దాన్ని బకెట్లోకి వంచి మాకు చూపించి భయపెట్టబోయాడు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున పెరిగినవాళ్లం, నల్లటి జిగురుకు భయపడతామా? అయినా ట్యాంకు కడిగించాడు, ఫిల్టర్లన్నీ మార్పించాడు, ఎయిర్ లాక్ తీశాడు. ఎయిర్ తీయడం మాత్రం మా తోట పక్క రైతులు కూడా నిలబడి మెచ్చుకున్నారు. ట్రాక్టరున్న ప్రతివాడికీ తెలిసిన విద్యే అది. స్క్రూ వదులు చేసి, బుడగలు పోయి డీజిల్ ధారగా వచ్చేదాకా చేతిపంపు కొట్టడం. నాజిల్ టెస్టు చేసేటప్పుడు ఒక కుర్రాడు స్ప్రే ఎంత సన్నగా ఉందో వేలు పెట్టి చూడబోతే ఉస్తాద్ అరిచిన అరుపుకు కుంటలో కొంగలు లేచిపోయాయి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుందట, పైకి చిన్న చుక్కలాగే కనపడినా పరుగున ఆపరేషన్‌కు పోవాల్సి వస్తుందట.

నన్ను నిజంగా కదిలించింది ఇంపెల్లర్. బయటి నీళ్లను లాగి ఇంజిన్‌ను చల్లబరిచే పంపులో రబ్బరు రెక్కల చక్రం అది. పదేళ్లు ఒకే భంగిమలో వంగి ఉండటం వల్ల రెక్కలు ఇక నిటారు కావు. కాబోతే పగులుతాయి, ఆ ముక్కలు పోయి, ఇంజిన్ వేడిని ఆ నీళ్లకు అప్పగించే హీట్ ఎక్స్‌చేంజర్‌లో అడ్డం పడతాయి. అంతకాలం వంగి సేవ చేసినవాడికి మన దగ్గరైతే పొడిగింపు ఇచ్చి సలహాదారుగా పెట్టుకుంటాం. ఉస్తాద్ తీసి చెత్తబుట్టలో వేశాడు.

ఆ బయటి నీళ్లను లోపలికి వదిలే వాల్వు దగ్గరికొచ్చేసరికి ఈ శాస్త్రంలోని అస్థిరత బయటపడింది. అది తెరవకపోతే ఇంజిన్ కాలిపోతుంది. ముందే తెరిచి, స్టార్ట్ కాని ఇంజిన్‌కు సెల్ఫ్ కొడుతూనే ఉంటే, లాగిన నీళ్లను బయటికి తోసే పొగ ఉండదు కాబట్టి సైలెన్సర్ నిండి వెనక్కి సిలిండర్లలోకి వస్తాయి. కాబట్టి మూసి ఉంచి సెల్ఫ్ కొట్టాలి, అంటుకున్న మరుక్షణం తెరవాలి. తెరవాలో మూయాలో ఒక్క మాట మీద నిలబడలేని వీళ్లా మనకు చెప్పేది?

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరపడవలకు వేట నిషేధం. ఆ రెండు నెలలూ విశాఖ, కాకినాడ రేవుల్లో జనం వలలు, ఇంజిన్లు బాగుచేసుకుంటూ కూర్చుంటారు. ప్రారంభోత్సవాలు చేసుకోవాల్సిన సమయం ఎంత వృథా!

చివరికి ముఖ్య అతిథి వచ్చారు. అంతకుముందే ఆయన అనుచరుడొకడు స్టార్టింగ్ స్ప్రే డబ్బా తెచ్చి గాలి గొట్టంలో కొట్టబోయాడు. ఉస్తాద్ లాక్కున్నాడు. లోపల హీటర్ ప్లగ్గులుంటే అక్కడే అంటుకుంటుందని, లేకపోయినా వేళకు ముందే పేలి రింగులు, పిస్టన్లు విరుగుతాయని సణుగుడు. తర్వాత ఒక ప్లైవుడ్ పలక తెచ్చి గాలి గొట్టం పక్కన నిలబెట్టాడు. అతిథిగారికి పీట అనుకుని బావ దాని మీద తువ్వాలు పరిచాడు. అది పీట కాదట. సిలిండర్లలో మిగిలిన ఆయిల్‌నే తాగి ఇంజిన్ అదుపు తప్పితే డీజిల్ కట్టేసినా ఆగదు, గాలి ఆపాలి. చేత్తో మూస్తే చెయ్యి పోతుంది, అందుకని పలక.

డీజిల్ అందకుండా ఆపే స్టాప్ లివర్ లాగి పట్టుకుని, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా సెల్ఫ్ కొట్టి, అప్పుడు వదిలాడు. అంటుకుంది. తెల్లపొగ వచ్చింది, చప్పట్లు కొట్టాం. అతిథిగారు రిబ్బన్ కత్తిరించి, ఈ ఇంజిన్ తమ హయాంలోనే నడిచిందని ప్రకటించారు. ఉస్తాద్ మాత్రం ఫొటోలోకి రాకుండా వెనక వంగి, పొగగొట్టంలోంచి నీళ్లు పడుతున్నాయో లేదో చూస్తున్నాడు.

సాయంత్రం బిల్లు వచ్చింది. అందులో ప్లైవుడ్ పలక కూడా ఉంది. దాన్ని వాడనే లేదు కదా, డబ్బులెందుకని బావ అడిగాడు. నేనూ బావ పక్షమే. రాణిగంజ్‌లో నోరు విప్పడం మాకూ వచ్చు. గంటసేపు బేరమాడి పలక డబ్బులు కొట్టేయించాం. పలక తిరిగి తీసుకెళ్లడానికి ఉస్తాద్ ఆటో చార్జీలు అడుగుతున్నాడు.