సరళీ వరుసలకు క్రాష్ కోర్సు కావలెను

సంగీతం నేర్చుకుంటున్న పిల్లల పురోగతి మీద విశాఖ తల్లిదండ్రుల్లో తీవ్రమైన ఆందోళన నెలకొని ఉంది. ఎంవీపీ కాలనీ నుంచి గాజువాక దాకా ఇదే మాట. దీనికి మూలకారకుడు పురందరదాసు అని నేను నిర్ధారణకు వచ్చాను. 1484లో పుట్టి 1564లో పోయిన ఆ మహానుభావుడు మాయామాళవగౌళ రాగంలో పాఠం మొదలుపెట్టి, సరళీలు (స రి గ మలను వరసగా పాడే మొదటి పాఠాలు), జంటలు, అలంకారాలు, గీతాలు అంటూ మెట్లు కట్టి పెట్టారు. ఆరో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్ అనేది ఒకటుంటుందని ఆయనకి తట్టనే లేదు. ముందుచూపు బొత్తిగా లేని మనిషి.

పైగా ఒక్కో వరుసనీ మూడు కాలాల్లో పాడాలట. దెబ్బకి ఒక స్వరం, తర్వాత రెండు, తర్వాత నాలుగు. "మూడో కాలం వచ్చేస్తే మొదటి రెండూ వచ్చినట్టే కదండీ మాస్టారూ, డైరెక్టుగా అందులోకి వెళ్ళిపోండి" అని ఒక తల్లి సలహా ఇచ్చారు. తర్కానికి తిరుగులేదు. చిక్కల్లా మొదటి కాలంతోనే. అందులో దాక్కోడానికి చోటుండదు. మూడో కాలంలో తప్పు పాడినా వేగంలో కొట్టుకుపోతుంది, వీడియోలో బాగా వస్తుంది, న్యూజెర్సీలో ఉన్న పిన్నికి పంపొచ్చు.

ఇక తాళం. ఆదితాళం ఎనిమిది లెక్కలు: దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు; ఆపైన దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. నా శిష్యుల్లో ఎక్కువమందికి సరిగ్గా ఉంగరం వేలు దగ్గరకొచ్చేసరికి ముక్కు దురద పెడుతుంది. చెయ్యి తొడ మీంచి లేస్తుంది, ముక్కు దగ్గర పని చూసుకుని తీరిగ్గా దిగుతుంది, మధ్య వేలు నుంచి మళ్ళీ అందుకుంటుంది. పాట మాత్రం ఆగదు. శాస్త్రంలో లఘువుకి, అంటే దెబ్బేసి వేళ్ళు లెక్కపెట్టే భాగానికి, తిస్ర, చతురస్ర, ఖండ, మిశ్ర, సంకీర్ణ అని జాతులు అయిదే ఉన్నాయి. దురదకి జాగా ఇచ్చే ఆరోది ఎవరైనా కనిపెడితే నా శిష్యులందరూ తాళంలో ఉన్నట్టే.

శ్రుతి జ్ఞానం లేదన్న అపవాదును మాత్రం ఖండిస్తున్నాను. పై ఫ్లాట్లో కుక్కరు కూత వెయ్యగానే క్లాసు మొత్తం శ్రుతి పెట్టెను వదిలేసి, ఒక్క గొంతుగా దానితో కలుస్తుంది. అంత ఐకమత్యం షడ్జమం (స) దగ్గర ఎన్నడూ చూడలేదు. అందుకే ఈసారి ప్రోగ్రెస్ కార్డులో రెండు గడులు పెట్టాను. శ్రుతి పెట్టెతో: చూడవలసి ఉంది. కుక్కరుతో: చాలా బాగుంది. బీచ్‌లో నేవీ విన్యాసాల రోజులొస్తే పాఠం బాల్కనీకి మారుతుంది. నెత్తి మీంచి పోయే విమానం పేరు చప్పుడు విని చెప్పేస్తారు. రి స్వరంలో రకాలైన శుద్ధ రిషభానికీ చతుశ్రుతి రిషభానికీ తేడా అడిగితే మంచినీళ్ళు తాగొస్తామంటారు.

పక్కనే విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టారనీ, హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారి తర్వాత వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు గారు దానికి ప్రిన్సిపాలుగా చేశారనీ ఒకసారి గొప్పగా చెప్పాను. "వాళ్ళు ఎన్ని గ్రేడులు పాసయ్యారండీ?" అని అడిగారొకాయన. నా దగ్గర సమాచారం లేదు.

వెనక వరసలో కూర్చునే ఒక కుర్రాడున్నాడు. మాట తక్కువ. మొన్న మొదటి కాలంలో రిషభం దగ్గర నిలబడ్డాడు. అది షడ్జమానికి మరీ దగ్గర, అందరికీ కిందకి జారిపోతుంది. వీడికి జారలేదు. నేనే తాళం ఆపేశాను. గేటు దగ్గర వాళ్ళమ్మ అడుగుతుంటే వినపడింది.

"ఇవాళ ఏం చెప్పార్రా?"

"రి."

"రి ఒక్కటేనా?"

ఆవిడ మేడ వైపు చూసిన చూపులో ఫీజు, పెట్రోలు, ట్రాఫిక్ అన్నీ ఉన్నాయి. వచ్చే నెల నుంచి వాణ్ణి అబాకస్‌లో వేస్తున్నారని తెలిసింది. అక్కడ లెవెల్సుంటాయి.

అయితే అందరూ ఇంత నిరాశలో లేరు. ఇంజినీరుగారొకాయన కాగితం మీద ప్రణాళిక వేసుకొచ్చారు. మేళకర్తలు, అంటే మిగతా రాగాలకు తల్లి రాగాలు, 72. నెలకొకటి పూర్తి చేస్తే ఆరేళ్ళు; నాలుగో తరగతిలో మొదలెడితే పదో తరగతికి కర్ణాటక సంగీతం సిలబస్ అయిపోతుంది. రాగం పూర్తవడం అంటే ఏమిటో నేను అడగలేదు, ఆయన ఉత్సాహం మీద నీళ్ళు చల్లడం ఎందుకని. పోనీ కదా అని, మొదటి 36కీ తర్వాతి 36కీ తేడా ఒక్క మధ్యమమేనని (మ స్వరం; మొదటివాటిలో శుద్ధ మధ్యమం, తర్వాతివాటిలో ప్రతి మధ్యమం) నోరు జారాను. ఆయన కళ్ళు మెరిశాయి. సగం సిలబస్ రిపీటే అయినప్పుడు ఫీజు మొత్తం ఎందుకన్నారు. ఈ నెల ఫోన్‌పేలో సగమే పడింది. కింద నోట్‌లో రాశారు: "శుద్ధ మధ్యమం వరకు."