వెడ్‌నెస్‌డే గారికి మూడు చప్పట్ల విన్నపం

మహారాజశ్రీ వెడ్‌నెస్‌డే గారికి,

నమస్కారాలు. సోమవారం రాత్రి మా మూడో తరగతి అమ్మాయి హోంవర్కుకి గంటన్నర పట్టింది. మాట పలుకుతూ చప్పట్లు కొట్టాలి, ఎన్ని పడితే అన్ని సిలబుల్స్ అని రాయాలి. మీకు నేను మూడు కొట్టాను. వెడ్, నెస్, డే. చిన్నప్పుడు మీ స్పెల్లింగ్ నోటికి రావాలని మా మాస్టారు బెత్తంతో బల్ల మీద కొట్టి నేర్పిన మూడు దెబ్బలే అవి.

మర్నాడు నోట్సులో ఎర్ర ఇంటూ మార్కు, పక్కన 2. "వెన్జ్‌డే అనాలట నాన్నా" అంది, నా వైపు జాలిగా చూస్తూ.

సరేనండీ, తమరికి రెండే చాలు. మరి ఆ డి, ఎన్ తర్వాత ఆ ఇ ఎందుకు? బస్సు సీట్లో రుమాలు వేసి, మళ్లీ ఎక్కని మనిషిలా!

డిక్షనరీ తెరిచాను. మాట మధ్యలో పెట్టే ఆ చుక్కలు పలకడానికి కాదట, లైను చివర చోటు చాలకపోతే మాట విరవడానికట. కంఫర్టబుల్ రాతలో నాలుగు, నోట్లో మూడు. చాక్లెట్ ఒక్కటే మాకు పుట్టుకతో రెండు చప్పట్లు, ఫుల్ మార్కులు.

తమరి పుట్టుపూర్వోత్తరాలూ చూశాను. పాత ఇంగ్లిష్ వాళ్ల దేవుడు వోడెన్ పేరు మీద వచ్చిన రోజట మీరు. ఎన్ ఆ దేవుడిది, తర్వాతి ఇ-ఎస్ షష్ఠీ విభక్తి. అంటే 'నెస్' అనే ముక్కే లేదు. మరి మా మాస్టారి రెండో దెబ్బ ఎవరికి తగిలినట్టు?

రోమన్లు ఇదే రోజుని మెర్క్యురీకి, అంటే మా బుధుడికే ఇచ్చారు. ఇంత చుట్టరికం ఉండి కూడా మమ్మల్ని చూసి నేర్చుకోరా? బు, ధ, వా, రం. నాలుగు అక్షరాలు, నాలుగు చప్పట్లు. మూడు హల్లులు ఇరుక్కున్నా 'స్త్రీ' మాకు ఒక్క అక్షరమే. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలకీ భరనభభరవ అని తడుముకోకుండా గణాలు విడగొట్టినవాణ్ని నేను. నన్ను మూడో తరగతి ఫెయిల్ చేస్తారా? ఒళ్లు మండదూ!

నిన్న డిక్టేషన్‌లో మీరు వచ్చారట. అమ్మాయి తప్పు లేకుండా రాసింది. ఎలా రాశావే అంటే చెవిలో చెప్పింది: "లోపల వెడ్, నెస్, డే అనుకున్నా నాన్నా. చప్పట్లు మాత్రం కొట్టలేదు."

ఇట్లు,
మూడు చప్పట్ల నాన్న