49-18 అంకె ఒక్కటే చూస్తే ఎలా?

2025 ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఫైనల్స్‌లో పేసర్స్ జట్టు బెంచ్ ముందు, అంటే మొదటి ఐదుగురిలో కాకుండా మధ్యలో దిగే ఆటగాళ్ల ముందు, థండర్ జట్టు బెంచ్ తేలిపోయిందని ఒక వ్యాసంలో రాశారు. ఆధారంగా చూపింది మూడో మ్యాచ్. నిజమే, ఆ రోజు బెంచ్ పాయింట్లు 49-18. పేసర్స్ బెంచ్ నుంచి మాథురిన్ ఒక్కడే 27 కొట్టాడు. అదే బెంచ్ నుంచి వచ్చిన మెక్‌కానెల్ అయితే చిరాకు పెట్టి చంపేశాడు! బాస్కెట్ పడగానే అందరూ వెనక్కి పరిగెడతారు కదా, ఇతను మాత్రం వెళ్తున్నట్టే వెళ్లి, అవతలివాళ్లు గీత బయటి నుంచి బద్ధకంగా వేసే పాస్‌ను గద్దలా తన్నుకుపోయాడు. మొత్తం 5 స్టీల్స్ (అవతలివాళ్ల బంతి లాక్కోవడం).

కానీ థండర్ బెంచ్‌లోని కరూసో సంగతేంటండీ? రెండో మ్యాచ్‌లో 20 పాయింట్లు, నాలుగో మ్యాచ్‌లో 20. అంతకుముందు రౌండ్లలో డెన్వర్ జట్టుతో ఏడో మ్యాచ్‌లో, ఆరున్నర అడుగులు కూడా లేని మనిషి, తనకంటే చాలా ఎత్తుండే వాళ్ల స్టార్ యోకిచ్‌ని కాసుకున్నాడు. అది ఏ బెంచ్ పాయింట్ల లెక్కలోకి వస్తుంది? పేరుకే బెంచ్ గానీ, మ్యాచ్ టెన్షన్‌లో పడితే చివర్లో కోర్టులో ఉండేది అతనే.

ఇంకోటి. ఫైనల్స్ మొదటి మూడు మ్యాచ్‌ల్లో థండర్‌కి హార్టెన్‌స్టైన్ బెంచ్ మీద నుంచి వచ్చాడు, వాలెస్ మొదటి ఐదుగురిలో ఆడాడు. నాలుగో మ్యాచ్‌కి కోచ్ డైనాల్ట్ ఇద్దర్నీ అటూ ఇటూ మార్చేశాడు. మనుషులు వాళ్లే, బెంచ్ లెక్క మాత్రం మారిపోయింది.

పాయింట్లు కొట్టడం వరకే అయితే పేసర్స్ బెంచ్‌కే నా ఓటు. డిఫెన్స్ కూడా కలిపితే మాత్రం ఒప్పుకోను.