ఏ శీనయ్య?

ఆ మధ్య తిరుపతిలో ఒక ల్యాబ్‌లో 'శ్రీనివాసులు' అని పిలిస్తే ముగ్గురు లేచారు, అందులో మా నాన్న ముందు నడిచాడు కాబట్టి కవరు ఆయన చేతికొచ్చింది. పరగడుపు షుగర్ 98 అని చూసి ఆయన ఎంత మురిసిపోయాడంటే ఇంటికెళ్లగానే లడ్డూ ఒకటి పూర్తిగా లాగించేశాడు. సాయంత్రం తీరిగ్గా చూస్తే రిపోర్టులో వయసు 34 అని ఉంది. మా నాన్నకు 68.

తప్పు పేరుది మాత్రం కాదు. ఏడుకొండల కింద పుట్టినోళ్లకు శ్రీనివాసులు, వెంకటేశు, గోవిందు, బాలాజీ అని కాక ఇంకేం పెడతారు? మునెమ్మలూ మునిరత్నాలూ సరేసరి. మా ఊళ్లో శీనయ్యలు ముగ్గురున్నా ఎవరికీ తికమక లేదు: మిద్దింటి శీనయ్య (మా నాన్నే), బోరింగు శీనయ్య, బస్సు శీనయ్య. ఈ చివరాయన కండక్టరుగా రిటైరై పదేళ్లయింది, అయినా బస్సు ఆయన్ని వదల్లేదు.

దేవుళ్లకే తప్పలేదు. గంగమ్మకు మొక్కుకున్నానంటే 'తాతయ్యగుంటా, బోయకొండా?' అని అడుగుతారు. అప్పలాయగుంటలో ప్రసన్న వెంకటేశ్వరుడు, శ్రీనివాసమంగాపురంలో కళ్యాణ వెంకటేశ్వరుడు, నారాయణవనంలోనూ కళ్యాణ వెంకటేశ్వరుడే కాబట్టి అక్కడ ఊరు పేరు కూడా కలిపి చెప్పాల్సిందే.

ఊళ్ల సంగతి ఇంకా బాగుంటుంది. మనుషులకు ఇంటిపేరు ఉన్నట్టే మా ఊళ్లకు ఇనీషియల్స్ ఉంటాయి. చిత్తూరు దగ్గరున్నది గంగాధర నెల్లూరు, నోటికి జి.డి.నెల్లూరు, దాంతో పెన్నా ఒడ్డున ఉన్న నెల్లూరుతో పేచీ లేదు. చీరల వెంకటగిరి వేరు, కర్ణాటక సరిహద్దులోని వెంకటగిరికోట వేరు, రెండోదాన్ని వి.కోట అంటే సరిపోయింది. (2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మొదటిది నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది.) ఎముక విరిగితే కట్టు కట్టించుకోవడానికి పరిగెత్తే పుత్తూరు మనది, దక్షిణ కన్నడలో ఇంకో పుత్తూరు ఉంటే రైల్వేవాళ్లు దాని స్టేషన్‌కు కబక పుత్తూరు అని పెట్టారు. చిత్తూరు కేరళలోని పాలక్కాడ్ జిల్లాలోనూ ఉంది, ఇక రాజస్థాన్ చిత్తోర్‌గఢ్ సరే, దాని కోట వెతుకుతూ మన చిత్తూరులో హోటల్ బుక్ చేసుకుంటే ఎవరూ ఏమీ చేయలేరు.

అంటే ఒకే పేరు పదిమందికి ఉండటం మనకు కొత్త కాదు, దానికి ముందో వెనకో ఒక ముక్క తగిలించి నడిపించుకుంటూ వచ్చాం. ఇప్పుడు పోయింది ఆ ముక్కే. ఫారంలో సర్‌నేమ్ అని ఒక గడి ఉంటుంది, తెలుగువాళ్లు అందులో ఇంటిపేరు రాస్తారు, తమిళ పద్ధతి పాటించే ఇళ్లల్లో నాన్న పేరు రాస్తారు, ఇంకొందరు ఒట్టి ఇనీషియల్‌తో సరిపెడతారు, ఆ తర్వాత ఆధార్‌లో ఒకలా, పాన్‌లో ఒకలా పడి మనిషి ఇద్దరైపోతాడు. ఆధార్‌కు 12 అంకెలున్నాయిగా అంటారు. ఉన్నాయి, కంప్యూటర్‌కు అది చాలు, కానీ కౌంటర్ దగ్గర పిలిచేది అంకెలు కాదు కదా. కవరు చేతికిచ్చే ముందు వయసూ ఊరూ అడగడానికి ఎంతసేపు పడుతుంది?

మర్నాడు రిపోర్టు మార్చుకోవడానికి వెళ్లాం. మా నాన్న కౌంటర్ మీదికి వంగి, 'మిద్దింటి శీనయ్య అని రాయమ్మా, ఇంకెప్పుడూ తప్పు రాదు' అన్నాడు. ఆ అమ్మాయి నవ్వి, 'ఇంటిపేరు మిద్దింటా సార్?' అని టైపు చేయడం మొదలుపెట్టింది.